నూరేళ్లు విజేత వెంటే నడిచిన మిస్సోరీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అమెరికా అధ్యక్ష ఎన్నికల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో అయిదు ఒకే రాష్ట్రం చుట్టూ తిరుగుతున్నాయి. విడివిడిగా జవాబిస్తే చెప్పిన సంగతే మళ్లీ చెప్పవలసి వస్తుంది కనుక ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని మిస్సోరీకే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మిస్సోరీ రాష్ట్రం ఎవరికి ఓటు వేస్తే వారే అమెరికా అధ్యక్షులవుతారని ఒకప్పుడు పత్రికల్లో చదివేవాణ్ణి. ఇప్పుడు ఎన్నికల వార్తల్లో పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా పేర్లే తప్ప మిస్సోరీ పేరు వినబడదు. ఆ మాట నిజమేనా?

జవాబు: చాలావరకు నిజమే. 1904 నుంచి 2004 వరకు జరిగిన 26 అధ్యక్ష ఎన్నికల్లో మిస్సోరీ 25 సార్లు చివరికి అధ్యక్షుడైన అభ్యర్థినే గెలిపించింది. థియోడర్ రూజ్‌వెల్ట్‌తో మొదలైన ఈ వరుస టాఫ్ట్, విల్సన్, హార్డింగ్, కూలిడ్జ్, హూవర్, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్, ట్రూమన్‌ల మీదుగా జార్జ్ డబ్ల్యూ. బుష్ రెండో విజయం దాకా సాగింది. మధ్యలో తప్పింది ఒక్క 1956లోనే. దేశమంతా ఐసెన్‌హోవర్‌కు బ్రహ్మరథం పట్టిన ఆ ఏడాది మిస్సోరీ మాత్రం డెమోక్రాట్ అభ్యర్థి ఆడ్లై స్టీవెన్సన్‌ను నాలుగు వేల లోపు ఓట్ల ఆధిక్యంతో గెలిపించింది. ఆయన ఆ ఎన్నికల్లో గెలిచిన రాష్ట్రాలు మొత్తం ఏడు. మిగిలిన ఆరూ దక్షిణాదివే. కరవు, పడిపోయిన పంట ధరలు కలిసి అప్పటి రైతుల్లో ప్రభుత్వం మీద అసంతృప్తి పెంచాయి. పైగా స్టీవెన్సన్ పక్కనే ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రానికి గవర్నరుగా పనిచేసినవారు. ఇంత స్వల్పమైన తేడా రావడానికి ఆ రెండూ చాలు.

అయితే ఈ రికార్డును చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మిస్సోరీలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చిన అభ్యర్థికైనా రాష్ట్రపు ఎలక్టోరల్ ఓట్లన్నీ, అంటే అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి రాష్ట్రానికి కేటాయించిన ఓట్లన్నీ, దక్కుతాయి. కాబట్టి పోటీ హోరాహోరీగా సాగిన సంవత్సరాల్లో రాష్ట్రం విజేత పక్షాన నిలిచిందా లేదా అన్నది కొన్ని వందల మంది చేతిలో ఉండేది. 1908లో టాఫ్ట్ ఇక్కడ విలియం జెన్నింగ్స్ బ్రయాన్ మీద కేవలం 629 ఓట్ల తేడాతో గెలిచారు. పోలైన ఓట్లు ఏడు లక్షల పైమాట. వారిలో మూడు, నాలుగు వందల మంది మనసు మార్చుకుని ఉంటే ఈ రికార్డు మొదట్లోనే తెగిపోయేది. 1960లో కెనడీకి వచ్చిన ఆధిక్యం పది వేలకు కొంచెం తక్కువ. 1968లో నిక్సన్‌కు ఇరవై వేలు. ఆ ఏడాది మూడో అభ్యర్థి జార్జ్ వాలెస్ ఇక్కడ 11 శాతం ఓట్లు తీసుకుపోయారు. నూరేళ్ల రికార్డులో అదృష్టం పాలు కూడా ఉందని ఒప్పుకోవలసిందే. కానీ అదృష్టం వరించాలన్నా ముందు పోటీ సమానంగా ఉండాలి, అంత సుదీర్ఘకాలం సమానంగా ఉండటమే మిస్సోరీ విశేషం. డెమోక్రాట్లకు కంచుకోటగా ఉన్న అలబామాలోనో, రిపబ్లికన్లకు కంచుకోటగా ఉన్న వెర్మాంట్‌లోనో ఆ రోజుల్లో ఇటువంటి పోటీ ఊహకందేది కాదు.

1948 ఎన్నిక గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ ఏడాది గెలిచిన హ్యారీ ట్రూమన్ మిస్సోరీ బిడ్డే. ఆయన సొంత ఊరు కాన్సాస్ సిటీ పక్కనున్న ఇండిపెండెన్స్. ట్రూమన్ ఓడిపోయారని తొందరపడి మొదటి పేజీలో అచ్చువేసిన షికాగో ట్రిబ్యూన్ పత్రికను ఆయన నవ్వుతూ పైకెత్తి చూపుతున్న ఫొటో చాలామంది చూసే ఉంటారు. ఆ ఫొటో తీసింది సెయింట్ లూయిస్ రైల్వే స్టేషన్‌లో. సొంత రాష్ట్రం ఆయనకు 58 శాతం ఓట్లిచ్చింది.

ప్రశ్న: 1904కు ముందు ఈ రాష్ట్రం ఎలా ఓటు వేసేది? రెండు పార్టీలకూ అంత సమానమైన బలం అక్కడే ఎందుకు ఏర్పడింది?

జవాబు: ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉంది కనుక కొంచెం వెనక్కి వెళ్లాలి.

మిస్సోరీ 1821 ఆగస్టులో 24వ రాష్ట్రంగా సమాఖ్యలో చేరింది. చేరక ముందే, 1820 అధ్యక్ష ఎన్నికల్లో అది అప్పటి అధ్యక్షుడు జేమ్స్ మన్రోకు ఎలక్టోరల్ ఓట్లు వేసేసింది. ఇంకా రాష్ట్రమే కాని చోటి ఓట్లు చెల్లుతాయా అని కాంగ్రెసులో పెద్ద రగడ జరిగింది. ఆ ఓట్లు కలిపినా తీసేసినా మన్రో గెలుపు మారదు కాబట్టి చివరికి లెక్కను రెండు విధాలుగానూ ప్రకటించి గొడవ సద్దుమణిగేలా చేశారు. 1824లో రాష్ట్రం హెన్రీ క్లే పక్షాన నిలిచింది. ఎవరికీ మెజారిటీ రాక ఆ ఎన్నిక ప్రతినిధుల సభకు వెళ్లినప్పుడు, మిస్సోరీకున్న ఏకైక ప్రతినిధి తన ఓటును జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు వేయగా, ఆడమ్స్ అధ్యక్షులయ్యారు. 1828లో ఆండ్రూ జాక్సన్‌తో మొదలై 1856లో బ్యుకానన్ దాకా రాష్ట్రం వరుసగా డెమోక్రాట్లనే గెలిపించింది. ఆ కాలానికి మిస్సోరీ విజేతను పసిగట్టే రాష్ట్రం కాదు, డెమోక్రాట్ల రాష్ట్రం.

అసలు కథ 1861-65 మధ్య బానిసత్వం మీద ఉత్తర, దక్షిణ రాష్ట్రాలు తలపడిన అంతర్యుద్ధంతో మొదలవుతుంది. 1820 నాటి ఒప్పందం ప్రకారం మిస్సోరీ బానిసత్వాన్ని అనుమతించే రాష్ట్రంగానే చేరింది. మిస్సోరీ నది వెంట ఉన్న సారవంతమైన కౌంటీల్లో కెంటకీ, వర్జీనియాల నుంచి వచ్చిన కుటుంబాలు బానిసల చేత జనుము, పొగాకు పండించేవి. ఆ ప్రాంతంలో కొంత భాగాన్ని నేటికీ లిటిల్ డిక్సీ అంటారు. నైరుతిలోని ఓజార్క్ కొండల్లో టెనెసీ కొండ ప్రాంతాల నుంచి వచ్చిన చిన్న రైతులు స్థిరపడ్డారు. వారికి బానిసలు లేరు, బానిసల యజమానుల మీద ప్రేమా లేదు. సెయింట్ లూయిస్ నగరంలోనూ, దానికి పడమర నది ఒడ్డున ఉన్న హెర్మన్ వంటి పట్టణాల్లోనూ జర్మన్ వలసదారులు ఉండేవారు. వారిలో చాలామంది బానిసత్వాన్ని గట్టిగా వ్యతిరేకించేవారు. 1860 ఎన్నికల్లో ఈ మిశ్రమం స్పష్టంగా కనిపించింది. ఉత్తరాది డెమోక్రాట్ స్టీఫెన్ డగ్లస్, రాజ్యాంగ యూనియన్ పార్టీ అభ్యర్థి జాన్ బెల్ మీద ఇక్కడ 429 ఓట్ల తేడాతో నెగ్గారు. దేశం మొత్తంలో డగ్లస్‌కు పూర్తిగా దక్కిన రాష్ట్రం ఇదొక్కటే. ఉత్తరాదికీ వద్దు, దక్షిణాదికీ వద్దు, మధ్యేమార్గం కావాలని మిస్సోరీ ఓటర్లలో అత్యధికులు కోరుకున్నారని దాని అర్థం. లింకన్‌కు వచ్చిన పది శాతంలో ఎక్కువ భాగం జర్మన్లవే.

మధ్యేమార్గం దొరకలేదు. 1861 మార్చిలో రాష్ట్ర సమావేశం సమాఖ్య నుంచి విడిపోకూడదని తీర్మానించినా, గవర్నరు క్లెయిబోర్న్ జాక్సన్ తిరుగుబాటుదారుల పక్షం చేరారు. ఆపై నాలుగేళ్లు ఊళ్ల మధ్య, ఇరుగుపొరుగుల మధ్య గెరిల్లా యుద్ధం నడిచింది. 1863లో సమాఖ్య సైన్యం పడమటి సరిహద్దు కౌంటీల్లోని గ్రామీణులను ఇళ్లు ఖాళీ చేయించి వెళ్లగొట్టింది. ఇళ్లు తగలబడ్డ చోట రాజకీయం కుటుంబ జ్ఞాపకంగా మారిపోతుంది. యుద్ధం ముగిశాక లిటిల్ డిక్సీ కౌంటీలు తరాల తరబడి డెమోక్రాట్లకు ఓటు వేశాయి. ఓజార్క్ కొండలు, జర్మన్ పట్టణాలు తరాల తరబడి రిపబ్లికన్లకు వేశాయి. తాత ఏ సైన్యంలో ఉన్నాడో తెలిస్తే మనవడి ఓటు ఎటో చెప్పగలిగే పరిస్థితి అది.

1864లో లింకన్, 1868లో గ్రాంట్ ఇక్కడ సులువుగా గెలిచారు. అయితే తిరుగుబాటుదారులకు సానుభూతి చూపినవారిని ఓటుకు దూరం పెట్టే విధేయతా ప్రమాణం అప్పుడు అమలులో ఉందన్న సంగతి మరచిపోకూడదు. ఆ ఆంక్షలను 1870లో తొలగించారు. 1872 నుంచి 1900 వరకు ప్రతి ఎన్నికలోనూ రిపబ్లికన్ అభ్యర్థి ఓడిపోయాడు. 1872లో ఇక్కడ గెలిచిన హొరేస్ గ్రీలీ, ఎలక్టోరల్ ఓట్లు వేసే ఎలెక్టర్లు సమావేశమయ్యేలోపే మరణించడంతో, మిస్సోరీ తన 15 ఓట్లలో ఎనిమిదింటిని ఆయన ఉపాధ్యక్ష అభ్యర్థీ తన గవర్నరూ అయిన బి. గ్రాట్జ్ బ్రౌన్‌కు, ఆరింటిని హెండ్రిక్స్‌కు, ఒకదాన్ని డేవిడ్ డేవిస్‌కు పంచి ఇచ్చింది.

1904 నాటికి సెయింట్ లూయిస్, కాన్సాస్ సిటీ పరిశ్రమలతో పెరిగాయి. రిపబ్లికన్ల బలమూ పెరిగింది. డెమోక్రాట్లు ఆల్టన్ పార్కర్ అనే సంప్రదాయవాదిని నిలబెట్టగా, సంస్కరణవాదిగా పేరున్న రూజ్‌వెల్ట్ పాతిక వేల ఆధిక్యంతో నెగ్గారు. అదే రోజున మరో సంస్కరణవాది, డెమోక్రాట్ జోసెఫ్ ఫోక్, గవర్నరుగా గెలిచారు. ఓటర్లు పార్టీని పక్కనపెట్టి మనిషిని చూడగలరని ఆ ఎన్నికతో తేలింది. ఆ తర్వాతి నూరేళ్లకు పునాది అదే: రెండు పక్షాలకూ కదలని ఓట్లు దాదాపు సమానంగా ఉన్నాయి, మధ్యలో కదిలేవారు దేశమంతటితో కలిసి కదిలారు. ఎనిమిది రాష్ట్రాలతో సరిహద్దులు పంచుకునే ఈ నేల మీద పడమటి గోధుమ రైతు, దక్షిణాది పత్తి రైతు, తూర్పు తరహా కర్మాగార కార్మికుడు, పెద్ద నగరంలోని నల్లజాతి ఓటరు అందరూ ఉండేవారు. బహిరంగంగా వివక్ష పాటించిన రాష్ట్రమే అయినా, లోతట్టు దక్షిణాదిలో మాదిరిగా ఇక్కడ నల్లజాతివారి ఓటుహక్కును మొత్తంగా ఊడబెరకలేదు. ఇరు పార్టీల మధ్య నిజమైన పోటీ మిగలడానికి అదీ ఒక కారణం.

ప్రశ్న: 2008లో ఒబామా మిస్సోరీలో కొద్ది ఓట్లతో ఓడిపోయారని చదివాను. ఎనిమిదేళ్లకే అక్కడ ట్రంప్ 18 శాతానికి పైగా తేడాతో గెలిచారు. ఇంత త్వరగా ఒక రాష్ట్రం ఎలా మారిపోయింది?

జవాబు: 2008 ఫలితం నిజంగా ఉత్కంఠభరితమైనది. పోలైన 29 లక్షల పైచిలుకు ఓట్లలో రిపబ్లికన్ అభ్యర్థి మెకెయిన్‌కు ఒబామా కన్నా 3,903 ఎక్కువ వచ్చాయి. మూడో అభ్యర్థి రాల్ఫ్ నేడర్‌కు పడ్డ ఓట్లు అంతకు నాలుగు రెట్లకు పైనే. దేశంలో ఫలితం తేలిన రెండు వారాలకు గానీ మిస్సోరీ ఎవరిదో ఖరారు కాలేదు. నూరేళ్ల రికార్డు వెంట్రుకవాసిలో తప్పిందని అప్పట్లో చాలామంది భావించారు. కానీ గెలుపోటములు వదిలి, దేశంతో పోలిస్తే రాష్ట్రం ఎటు ఎంత మొగ్గిందో చూస్తే మరో కథ కనిపిస్తుంది. మీ ప్రశ్నకు జవాబు ఆ కథలోనే ఉంది.

1988లో సీనియర్ బుష్ దేశంలో దాదాపు 8 శాతం తేడాతో గెలిస్తే మిస్సోరీలో 4 శాతంతోనే గెలిచారు. 1992లో క్లింటన్ దేశంలో 5.6 శాతం తేడాతో, ఇక్కడ 10 శాతం తేడాతో నెగ్గారు. అంటే అప్పటికి మిస్సోరీ సగటు అమెరికా కన్నా కాస్త డెమోక్రాట్ల వైపే ఉంది. 1996లో ఆ మొగ్గు తిరగబడింది: దేశంలో క్లింటన్ ఆధిక్యం 8.5 శాతం, ఇక్కడ 6.3 శాతం. 2000లో దేశం మొత్తం ఓట్లలో అల్ గోర్ అర శాతం ముందుంటే ఇక్కడ బుష్ 3.3 శాతం ముందున్నారు. 2004లో దేశంలో బుష్ ఆధిక్యం 2.5 శాతం, ఇక్కడ 7.2 శాతం. 2008లో దేశంలో ఒబామా 7 శాతానికి పైగా తేడాతో గెలిచినా ఇక్కడ గెలవలేకపోయారు. అంటే ఆ ఏడాది మిస్సోరీ దేశం కన్నా ఏడు శాతం రిపబ్లికన్ల వైపున ఉన్నట్టు లెక్క. డెమోక్రాట్లకు అనుకూలంగా వీచిన పెద్ద గాలి ఆ దూరాన్ని కప్పిపుచ్చింది. 2012లో రిపబ్లికన్ అభ్యర్థి రామ్నీ ఇక్కడ 9.4 శాతం తేడాతో గెలిచినప్పుడు దూరం 13 దాటింది. 2016లో ఇరవై దాటింది. కాబట్టి మార్పు ఎనిమిదేళ్లది కాదు, ఇరవై ఏళ్లది. చివరి ఎనిమిదేళ్లలో వేగం పెరిగిన మాట వాస్తవం.

ఇక కారణాలు. నా ఉద్దేశంలో అన్నిటికన్నా పెద్ద కారణం, ఓటును నిర్ణయించే గీత మారిపోవడం. అంతర్యుద్ధం గీసిన గీత కౌంటీకీ కౌంటీకీ మధ్య ఉండేది. గ్రామాల్లోనే సగం డెమోక్రాట్లు, సగం రిపబ్లికన్లు ఉండేవారు. కొత్త గీత నగరానికీ గ్రామానికీ మధ్య పడింది. లిటిల్ డిక్సీ రైతు కుటుంబాలకు తాతల నాటి పార్టీతో ఉన్న బంధం, గర్భస్రావం, తుపాకులు, మతం, స్వలింగ వివాహం వంటి విషయాలు ముందుకొచ్చిన కొద్దీ తెగిపోయింది. దీనికి మంచి ఉదాహరణ 1999 ఏప్రిల్‌లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ. తుపాకీని దుస్తుల్లో దాచుకుని తిరిగే అనుమతి ఇవ్వాలన్న ప్రతిపాదనకు గ్రామీణ కౌంటీల్లో అత్యధికం అవునన్నాయి. సెయింట్ లూయిస్, కాన్సాస్ సిటీ ప్రాంతాలు గట్టిగా కాదన్నాయి. మొత్తం మీద 52 శాతం మంది వ్యతిరేకించడంతో అది ఓడింది. నాలుగేళ్ల తర్వాత శాసనసభ గవర్నరు బాబ్ హోల్డెన్ వీటోను తోసిరాజని అదే అనుమతిని చట్టం చేసింది. అధ్యక్ష ఎన్నికల పటం మీద తర్వాత కనిపించిన చీలిక ఆ ఒక్క రోజు ఓటింగులో ముందే కనిపించింది. 2004 ఆగస్టులో స్వలింగ వివాహాన్ని నిషేధించే రాజ్యాంగ సవరణకు రాష్ట్రం 70 శాతానికి పైగా మద్దతిచ్చింది. అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ సంఘానికి కేంద్ర కార్యాలయమున్న స్ప్రింగ్‌ఫీల్డ్ పరిసరాల్లో క్రైస్తవ సంప్రదాయవాదుల బలం ముందునుంచీ ఉన్నదే. అది మిగతా గ్రామాలకూ పాకింది.

రెండో కారణం కర్మాగారాలది. సెయింట్ లూయిస్‌కు దక్షిణాన ఉన్న జెఫర్సన్ కౌంటీని తీసుకోండి. కార్మిక సంఘాల సభ్యులు దండిగా ఉన్న తెల్లజాతి శ్రామికుల కౌంటీ అది. హెర్క్యులేనియంలోని సీసపు కర్మాగారం అక్కడిదే. సెయింట్ లూయిస్ ప్రాంతంలోని కార్ల కర్మాగారాల్లో 2006లో హేజల్‌వుడ్‌లోని ఫోర్డ్‌ది, 2009 నాటికి ఫెంటన్‌లోని క్రైస్లర్‌వి మూతపడ్డాయి. 2013 చివర సీసం కరిగించే పనీ ఆగింది. సంఘం ఉన్నన్నాళ్లూ ఓటు ఎటు వేయాలో చెప్పే ఒక బలమైన గొంతు ఉండేది. ఆ గొంతు బలహీనపడ్డాక అదే మనుషులు సంస్కృతి, వలసలు, దేశవాదం అన్న కోణాల నుంచి రాజకీయాన్ని చూడటం మొదలుపెట్టారు. ఈ కౌంటీలో 2008లో ఒబామా స్వల్ప ఆధిక్యంతో గెలిచారు; 2016లో ట్రంప్‌కు దాదాపు మూడింట రెండు వంతుల ఓట్లు పడ్డాయి. ఆ ఎనిమిదేళ్లలో వచ్చిన మార్పును కొత్తగా వచ్చి స్థిరపడినవారితో మాత్రమే వివరించలేం. అక్కడే ఉంటూ పక్షం మారినవారే అందులో ఎక్కువ.

మూడోది జనాభా. 1950లో ఎనిమిదిన్నర లక్షలు దాటిన సెయింట్ లూయిస్ నగర జనాభా 2020 నాటికి మూడు లక్షలకు పడిపోయింది. 1876లో చుట్టూ ఉన్న కౌంటీ నుంచి విడిపోయి తన హద్దులను తానే గీసుకున్న ఆ నగరం, శివార్లలో పెరిగిన జనాన్ని తనలో కలుపుకోలేకపోయింది. నగరం విడిచినవారిలో కొందరు సెయింట్ లూయిస్ కౌంటీకి, ఇంకా కొందరు మిస్సోరీ నది దాటి సెయింట్ ఛార్లెస్ కౌంటీకి వెళ్లారు. నాలుగు లక్షల జనాభాకు పెరిగిన ఆ కౌంటీ రిపబ్లికన్లకు ముఖ్యమైన అండ. మరోవైపు దేశం మారినంతగా రాష్ట్రం మారలేదు. 2020 లెక్కల ప్రకారం దేశ జనాభాలో లాటినోలు దాదాపు 19 శాతం. మిస్సోరీలో వారి వాటా సుమారు 5 శాతమే. వర్జీనియా, కొలరాడో వంటి రాష్ట్రాల్లో డెమోక్రాట్లకు కొత్త బలాన్ని తెచ్చిన వలసలు, ఉన్నత విద్యావంతుల శివార్లు ఇక్కడ ఆ స్థాయిలో ఏర్పడలేదు.

ఇవన్నీ కలిసిన ఫలితం పటం మీద చూస్తే కళ్లకు కడుతుంది. 114 కౌంటీలు, విడిగా ఉన్న సెయింట్ లూయిస్ నగరం కలిపి రాష్ట్రంలో 115 విభాగాలు. 2016, 2020, 2024 ఎన్నికలు మూడింటిలోనూ డెమోక్రాట్లు గెలిచినవి నాలుగే: సెయింట్ లూయిస్ నగరం, సెయింట్ లూయిస్ కౌంటీ, కాన్సాస్ సిటీ ఉన్న జాక్సన్ కౌంటీ, విశ్వవిద్యాలయం ఉన్న బూన్ కౌంటీ. ఓజార్క్ కొండలూ, లిటిల్ డిక్సీ పొలాలూ నూట యాభై ఏళ్ల వైరం మరచి ఒకే పక్షాన నిలబడ్డాయి. తుల సమంగా ఉన్నంతకాలం మధ్యలో ఉన్నవారి మాట చెల్లింది. రెండు గ్రామీణ పక్షాలూ ఒకే పళ్లెంలోకి వచ్చాక నగరాలు దాన్ని సరిచేయలేకపోయాయి.

ప్రశ్న: 2016లోనూ 2024లోనూ మిస్సోరీ గెలిచిన అభ్యర్థికే ఓటు వేసింది కదా! అది మళ్లీ విజేతను చూపే రాష్ట్రం అయినట్టేనా?

జవాబు: కాదు. 2016లో ట్రంప్ ఇక్కడ 18.6 శాతం, 2020లో 15.4 శాతం, 2024లో 18.4 శాతం తేడాతో గెలిచారు. 2020లో ఆయన దేశంలో ఓడిపోయినప్పుడూ ఈ రాష్ట్రం ఆయన వెంటే ఉంది. దేశంలో రిపబ్లికన్ గెలిస్తే మిస్సోరీ లెక్క సరిపోతుంది, డెమోక్రాట్ గెలిస్తే తప్పుతుంది. వ్యోమింగ్ గురించీ ఇదే మాట చెప్పవచ్చు. పది ఎలక్టోరల్ ఓట్లున్న రాష్ట్రమైనా అభ్యర్థులు ఇక్కడ ప్రచారానికి సమయం కేటాయించకపోవడానికి కారణం ఇదే. అంత సుదీర్ఘమైన రికార్డు ఉండే మరో రాష్ట్రం నెవాడా: 1912 నుంచి 2012 వరకు అది తప్పింది 1976లో ఒక్కసారే. 2016లో మళ్లీ తప్పినా 2020, 2024ల్లో విజేత పక్షానే ఉంది. అక్కడ పోటీ ఇంకా కొద్ది శాతాల మధ్యే సాగుతోంది కనుక ఆ రాష్ట్రం గురించి ఆ మాట అనుకోవచ్చు.

ప్రశ్న: రిపబ్లికన్లకు ఇంత బలమున్న రాష్ట్రం 2024లో గర్భస్రావ హక్కుకు అనుకూలంగా ఓటు వేసిందని వార్తల్లో చూశాను. ఒకే రోజున ట్రంప్‌కూ దానికీ ఓటు వేసినవారు ఎవరు? ఇది పొంతన లేని ఓటు కాదా?

జవాబు: ఈ ప్రశ్న అడిగిన పాఠకురాలికి కృతజ్ఞతలు. మిస్సోరీని కేవలం ఎరుపు రంగు, అంటే రిపబ్లికన్, రాష్ట్రంగా చూసేవారు తప్పక తెలుసుకోవలసిన విషయమిది.

ప్రజలే సంతకాలు సేకరించి చట్టాన్నీ రాజ్యాంగ సవరణనూ ఓటుకు పెట్టే హక్కు ఈ రాష్ట్రంలో 1908 నుంచి ఉంది. ఆ హక్కును ఇటీవల విస్తృతంగా వాడుకున్నారు. కార్మిక సంఘాలను బలహీనపరచే చట్టాన్ని శాసనసభ 2017లో ఆమోదిస్తే, సంఘాలు మూడు లక్షలకు పైగా సంతకాలు సేకరించి దాన్ని ఓటుకు పెట్టించాయి. 2018 ఆగస్టులో మూడింట రెండు వంతుల మంది ఆ చట్టాన్ని తిరస్కరించారు. అదే నవంబరులో కనీస వేతనాన్ని క్రమంగా గంటకు 12 డాలర్లకు పెంచే ప్రతిపాదన 62 శాతంతో నెగ్గింది. అదే రోజున డెమోక్రాట్ సెనేటర్ క్లెయిర్ మెకాస్కిల్ ఓడిపోయారు. 2020 ఆగస్టులో పేదల ఆరోగ్య బీమా పథకం మెడికెయిడ్‌ను విస్తరించే సవరణ, 2022 నవంబరులో గంజాయిని చట్టబద్ధం చేసే సవరణ, రెండూ 53 శాతంతో ఆమోదం పొందాయి. 2024 నవంబరులో గర్భస్రావ హక్కును రాజ్యాంగంలో చేర్చే సవరణకు 51.6 శాతం ఓట్లు వచ్చాయి. ట్రంప్‌కు అదే బ్యాలెట్‌లో 58.5 శాతం వచ్చాయి. రెండింటికీ ఓటు వేసినవారు కనీసం పది శాతం ఉండి తీరాలని లెక్కే చెబుతుంది. కనీస వేతనాన్ని 15 డాలర్లకు పెంచి, జీతంతో కూడిన అనారోగ్య సెలవు ఇవ్వాలన్న ప్రతిపాదన కూడా ఆ రోజే నెగ్గింది.

ఇది పొంతన లేని ఓటని నేను అనుకోను. అధ్యక్ష అభ్యర్థికి ఓటు వేసేటప్పుడు మనిషి తాను ఎవరి పక్షమో చెబుతాడు. వేతనం గురించో వైద్యం గురించో ఓటు వేసేటప్పుడు తన ఇంటి అవసరం చూసుకుంటాడు. అభ్యర్థుల విషయంలోనూ ఒకప్పుడు ఈ వెసులుబాటు ఉండేది. 2000 అక్టోబరులో విమాన ప్రమాదంలో మరణించిన గవర్నరు మెల్ కార్నహాన్‌ను, బుష్ గెలిచిన ఆ నవంబరులోనే, ఓటర్లు సెనేట్‌కు ఎన్నుకున్నారు. ఆయన స్థానంలో భార్య జీన్ కార్నహాన్ నియమితులయ్యారు. 2008లో ఒబామా ఓడిన రోజునే డెమోక్రాట్ జే నిక్సన్ 58 శాతంతో గవర్నరయ్యారు. 2016లో హిల్లరీ క్లింటన్ 18 శాతానికి పైగా తేడాతో ఓడినా సెనేట్ అభ్యర్థి జేసన్ కాండర్ 3 శాతం లోపు తేడాతోనే ఓడారు. ఆ వెసులుబాటు ఏటికేడు కుంచించుకుపోయింది. 2018లో ఆడిటర్‌గా గెలిచిన నికోల్ గాలోవే పదవీకాలం 2023 జనవరిలో ముగిశాక రాష్ట్రస్థాయి పదవుల్లో డెమోక్రాట్లు ఎవరూ మిగల్లేదు. అభ్యర్థి పేరు పక్కన పార్టీ పేరు ఉంటుంది. ప్రతిపాదన పక్కన ఉండదు. పాత మిస్సోరీలోని సగం సగం పోటీ ఇప్పుడు బతికి ఉన్నది ప్రతిపాదనల మీద ఓటింగులోనే.

అదీ ఎంతకాలమన్నది శాసనసభ చేతుల్లోనూ కొంత ఉంది. ఓటర్లు ఆమోదించిన అనారోగ్య సెలవు నిబంధనను 2025లో శాసనసభ రద్దు చేసింది. గర్భస్రావ హక్కు సవరణను తొలగించే కొత్త సవరణను 2026 నవంబరులో ప్రజల ముందు ఉంచాలని అదే ఏడాది మే నెలలో తీర్మానించింది.